హంతకుడి రాక రంగులో తెలియకూడదు: ఒక ఇటాలియన్ క్రైమ్ థ్రిల్లర్ రీస్టోరేషన్ కేసు

పాత సినిమా రీస్టోరేషన్‌కి వచ్చినప్పుడు దానితో పాటు ఒక ముద్ర కూడా వస్తుంది. "ఇది హారర్", "ఇది పోలీసు సినిమా" అని ఎవరో ఎప్పుడో అట్ట మీద వేసిన మాట. రంగులు దిద్దేవాళ్ల దగ్గర్నుంచి సౌండ్ శుభ్రం చేసేవాళ్ల దాకా అందరూ తెలియకుండానే ఆ మాటకి తగ్గట్టు పని చేసేస్తారు. నాలుగైదు రకాల సినిమాలు ఒకే సినిమాలో కలిసిపోయి ఉంటే ఆ ముద్ర ఎంత పని చెడగొడుతుందో, ఎక్కడ మాత్రం అక్కరకొస్తుందో ఈ కేసులో బాగా బయటపడింది. సినిమా పేరు, హక్కుదారు, ల్యాబ్, ఆర్కైవ్ వివరాలు ఇవ్వను. కథలో గుర్తుపట్టే విషయాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

1970ల తొలి సగంలో తీసిన కలర్ సినిమా. గంటన్నర పైచిలుకు నిడివి. ఓడరేవు ఉన్న నగరంలో ఒక గుమస్తా హత్యతో మొదలవుతుంది. విచారణకి ఒక ఇన్‌స్పెక్టర్ దిగుతాడు. నల్ల గ్లవ్స్ వేసుకుని రేజర్‌తో తిరిగే హంతకుడు ఉంటాడు. మధ్యలో చనిపోయినవాడి భార్యకీ అత్తగారికీ ఆస్తి గొడవ, అదీ కన్నీళ్లతో. తర్వాత వీధుల్లో కార్ల ఛేజ్. పాడుబడ్డ బంగళాలో దెయ్యాల సినిమాను తలపించే ఒక రాత్రి. వీటన్నిటి మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే కానిస్టేబుల్ కామెడీ.

ఇదంతా దర్శకుడికి ఏం తీయాలో తెలియక చేసింది కాదు. అప్పటి ఇటలీ వ్యాపారం అలా నడిచేది. ఒక రకం సినిమా ఆడితే అదే అచ్చులో వరసగా వచ్చేవి. పౌరాణిక వీరుల కథలు అయ్యాక వెస్టర్న్‌లు, వెస్టర్న్‌లు అయ్యాక జాల్లో సినిమాలు (ముసుగు హంతకుల మిస్టరీ థ్రిల్లర్లు; ఇటాలియన్‌లో జాల్లో అంటే పసుపు), ఆ వెంటనే పోలీసు సినిమాలు. మొందదోరి సంస్థ 1929 నుంచి పసుపు అట్టలతో వేసిన క్రైమ్ నవలలకి వారసులు ఈ జాల్లోలు. దర్శకుడు మారియో బావా 1964లో ఫ్యాషన్ హౌస్‌లో జరిగే హత్యల కథకి ఎరుపు, ఆకుపచ్చ, ఊదా లైట్లు వేసి దాని రూపం ఎలా ఉండాలో చూపించాడు. 1970లో దారియో అర్జెంతో మొదటి సినిమా హిట్టయ్యాక అందరూ ఆ దారి పట్టారు. 1972లో స్తేనో తీసిన పోలీసు కథ ఆడేసరికి గాలి మళ్లీ మారింది. 1969 డిసెంబర్ 12న మిలాన్‌లో పియాజా ఫోంతానా దగ్గర బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. ఆ తర్వాతి రోజుల్లో పేపర్లలో కనిపించే భయమే ఈ పోలీసు సినిమాలకి ముడిసరుకు.

నిర్మాతలు ప్రాంతాల వారీగా డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ముందే డబ్బు తీసుకుని సినిమా మొదలుపెట్టేవారు, మన దగ్గర ఏరియా బయ్యర్ల అడ్వాన్సులతో తీసినట్టే. ఒకరికి రేజర్ కావాలి, ఇంకొకరికి ఛేజ్ కావాలి, వేరొకరికి ఏడుపు కావాలి. అన్నీ పెట్టేవారు. ఈ కలయికకి పేరున్న ఉదాహరణ మాస్సిమో దల్లమానో 1974లో తీసిన 'లా పొలీజియా కియేదె అయూతో'. హెల్మెట్ పెట్టుకుని మోటార్‌సైకిల్ మీద వచ్చే హంతకుడిది పక్కా జాల్లో. అతన్ని వెతికే తీరు పక్కా పోలీసు విచారణ. ఆ దల్లమానోయే 1964లో సెర్జియో లియోనే వెస్టర్న్ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'కి కెమెరామన్. మనుషులు వాళ్లే, కెమెరాలు అవే, రకాలు మాత్రం మారుతూ పోయాయి. మా చేతికొచ్చిన సినిమా అంత పేరున్నది కాదు, కోవ మాత్రం అదే.

మా ముందుకొచ్చిన సమస్య

హక్కుదారు కోరినవి మూడు. 4కేలో కొత్త మాస్టర్ కావాలి. డిస్క్ మీద, స్ట్రీమింగ్‌లో దీన్ని జాల్లోగా అమ్ముతారు కాబట్టి "చూడగానే జాల్లో అనిపించేలా" రంగులు ఉండాలి. సౌండ్ శుభ్రంగా ఉండాలి, వీలైతే 5.1, అంటే చుట్టూ ఉన్న స్పీకర్లలో విడివిడిగా వినిపించే సౌండ్.

మాకు అందినవి ఇవి. ఇటలీలో స్కాన్ చేసిన కెమెరా నెగెటివ్. ఆప్టికల్ సౌండ్ నెగెటివ్ (సౌండ్‌ని బొమ్మ రూపంలో ఎక్కించిన ఫిల్మ్), ఇటాలియన్ మోనో. ఈస్ట్‌మన్ కలర్ ఫిల్మ్ మీద వేసిన, గులాబీ రంగులోకి తిరిగిపోయిన ఒక ప్రింట్. ఇంగ్లిష్ డబ్బింగ్ ఉన్న మాగ్నెటిక్ టేపు. ఇవి కాక, ఇన్నేళ్లుగా అందరూ చూసిన పాత వీడియో కాపీ. అది టీవీ చతురస్రానికి రెండు పక్కలా కోసేసిన టేపు నుంచి వచ్చింది.

నెగెటివ్ టెక్నిస్కోప్‌లో ఉంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తర్వాతి చిక్కులు చాలావరకు ఇక్కడే పుట్టాయి. మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఒక ఫ్రేమ్‌కి నాలుగు చిల్లుల ఎత్తు పడుతుంది. టెక్నిస్కోప్‌లో రెండే. అంటే సగం ఫిల్మ్‌తోనే వెడల్పాటి తెర బొమ్మ వచ్చేస్తుంది. 300 మీటర్ల రోలు మామూలుగా 11 నిమిషాలు నడిస్తే ఇందులో 22 నిమిషాలు నడుస్తుంది. చేతిలో డబ్బు లేని నిర్మాతకి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఫ్రేమ్ చిన్నది కాబట్టి తెర మీద గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నని రేణువులు) పెద్దగా కనిపిస్తుంది, ధూళి కణమూ పెద్దగా కనిపిస్తుంది. పైగా ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఖాళీ దాదాపు ఉండదు. ఎడిటింగ్‌లో అతికించిన ప్రతి చోటా జిగురు మచ్చ బొమ్మలోకే వచ్చేస్తుంది. ఛేజ్ సీన్‌లో కట్ మీద కట్ ఉంటే ఎంత పని ఉంటుందో ఊహించుకోండి.

నిడివి లెక్క

రంగుల జోలికి వెళ్లేముందు సినిమా మొత్తం ఉందో లేదో చూడాలి. ఇటలీలో 1962 సెన్సార్ చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్ల మీద నిడివి మీటర్లలో రాసి ఉంటుంది. 35 ఎం.ఎం. ప్రింట్ నిమిషానికి దాదాపు 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్ మీద 2,600 మీటర్లని ఉంది, అంటే దగ్గరదగ్గర 95 నిమిషాలు. మా స్కాన్ 91 నిమిషాలే. (సర్టిఫికెట్‌లో ఉండేది ప్రింట్ పొడవు. టెక్నిస్కోప్ నెగెటివ్ పొడవు అందులో సగమే ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకుండా లెక్క వేసి సగం సినిమా పోయిందని కంగారుపడినవాళ్లు ఉన్నారు.)

పోయిన నాలుగు నిమిషాలు హింస అయి ఉంటుందనే అందరి అంచనా. కత్తెర పడేది అక్కడే కదా. ఈస్ట్‌మన్ ప్రింట్‌తో రీలు రీలూ పోల్చి చూస్తే హత్యలన్నీ నెగెటివ్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. లేనివి కానిస్టేబుల్ చేపల మార్కెట్ సీనూ, అత్తాకోడళ్ల గొడవలో రెండో సగమూ. విదేశాలకి అమ్మేటప్పుడు థ్రిల్లర్‌కి అడ్డం అనుకుని నెగెటివ్‌నే కోసేశారు. ఆ ముక్కలు మళ్లీ దొరకలేదు.

హక్కుదారు తరఫు మనిషి, "మంచిదే అయింది, అవి జాల్లో కాదుగా, వదిలేద్దాం" అన్నారు. మేం ఒప్పుకోలేదు. ముందు సినిమా విడుదలైన రూపం కావాలి. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. చేపల మార్కెట్‌లో కానిస్టేబుల్ బేరమాడుతుంటే వెనకాల ఒక మనిషి ఎడమ చేత్తో డబ్బు లెక్కపెడుతూ కనిపిస్తాడు. చివర్లో హంతకుణ్ని పట్టించేది ఆ ఎడమ చెయ్యే. కామెడీ తీసేస్తే ముగింపు గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఆ సినిమా ముగింపు తెలివితక్కువదని ఇన్నాళ్లూ రాసినవాళ్లంతా కోసేసిన కాపీ చూసి రాసినవాళ్లే.

అందుకని ప్రింట్ నుంచి ఆ నాలుగు నిమిషాలూ తెచ్చి కలపాలని నిర్ణయించాం. కానీ ఏ ప్రింట్ నుంచి అన్నది అప్పటికి తేలలేదు.

మొదటి ప్రయత్నం: సినిమా అంతా ఒకే రంగు

హక్కుదారు కోరినట్టే మొదలుపెట్టాం. నీడల్లోకి నీలం, ఎరుపుకి గాఢత, నలుపు లోతుగా. ట్రైలర్ కోసం తీసిన కొన్ని షాట్లలో అది నిజంగానే అదిరిపోయింది. హత్య జరిగే మెట్ల దారి, ఎర్ర తెర, హంతకుడి చెయ్యి. చూసినవాళ్లందరూ ఆహా అన్నారు.

మొత్తం రీలు వేసి చూస్తే కథ వేరేలా ఉంది. పోలీసు స్టేషన్‌లో ట్యూబ్‌లైట్ల ఆకుపచ్చ ఛాయ మాయమై, అది కూడా ఏదో రహస్య మందిరంలా తయారైంది. చలికాలపు ఉదయం పొగమంచులో తీసిన ఛేజ్‌కి రంగు వేసినట్టు అయిపోయింది. విధవరాలి వంటింట్లో ఆమె ముఖం జ్వరం వచ్చినదానిలా ఉంది. అన్నిటికంటే పెద్ద నష్టం, హత్య సీన్ వచ్చేసరికి దానికంటూ మిగిలిందేమీ లేదు. గంట నుంచి అదే ఎరుపూ అదే నీలమూ చూస్తున్న కంటికి అది ఇంకో సీన్, అంతే.

వాదన లేకుండా తేల్చింది ఒక కారు. ఛేజ్‌లో ముందు పరిగెత్తేది పోలీసుల ఆల్ఫా రోమియో జూలియా. 1970ల మధ్య దాకా ఇటలీ పోలీసు కార్లు ఆలివ్ ఆకుపచ్చలో ఉండేవి, ఆ తర్వాత నీలం, తెలుపుకి మారాయి. మా గ్రేడింగ్‌లో, అంటే మేం రంగులు దిద్దిన వెర్షన్‌లో, ఆ కారు ఒక షాట్‌లో నల్ల నీలం, మరో షాట్‌లో మట్టి రంగు. అసలు రంగు అందరికీ తెలిసిన వస్తువు తెర మీద అబద్ధం చెబుతుంటే మిగతా ఫ్రేమ్‌ని ఎవరు నమ్ముతారు? ఆ కాలం చూసిన ఇటాలియన్ ప్రేక్షకుడు మొదటి సెకనులోనే పట్టేస్తాడు. హక్కుదారుకి ఆ రెండు షాట్లూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఒకే రంగు ఆలోచన అక్కడితో ఆగింది.

రెండో ప్రయత్నం: రకానికో రంగు

తర్వాతి ఆలోచన మా టీమ్‌లోని కుర్ర కలరిస్ట్‌ది. "అన్నా, ఇది ఐదు సినిమాలు కదా, ఐదు లుక్‌లు పెడదాం" అన్నాడు. వినడానికి తర్కం సరిగ్గానే ఉంది. సినిమా అంతా కూర్చుని ఒక పటం వేశాం. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా జాల్లో, ఇది పోలీసు, ఇది కుటుంబం, ఇది బంగళా, ఇది కామెడీ. ఒక్కోదానికి ఒక్కో బేస్ రంగు.

ఇది పాడైన తీరు మొదటిదానికంటే ఆసక్తిగా ఉంటుంది. ఈ సినిమా సీన్ సీన్‌కీ రకం మార్చదు, సీన్ మధ్యలో మారుస్తుంది. స్టేషన్‌లో కానిస్టేబుల్ రొట్టె తింటుంటాడు, కామెడీ. ఫోన్ మోగుతుంది. ఇన్‌స్పెక్టర్ ఎత్తి వింటాడు, పోలీసు. అవతలి నుంచి ఊపిరి మాత్రమే వినిపిస్తుంది, జాల్లో. ముప్పై సెకన్లలో మూడు. ఎక్కడ రంగు మార్చాలి? ఎక్కడ మార్చినా ఆ అతుకు కనిపిస్తోంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి బయటివాళ్లకి చూపించినప్పుడు తెలిసింది. సినిమా ఎప్పుడూ చూడని ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టాం. విధవరాలు గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తుంది. తెర మీద ఇంకా ఏమీ జరగలేదు, మ్యూజిక్ కూడా లేదు. ఆమె మాత్రం "ఇప్పుడు వస్తాడు చూడు" అంది. ఎలా తెలిసిందంటే, "ఏమో, వెలుతురు మారిందిగా" అంది. మా జాల్లో బేస్ ఆ షాట్ నుంచే మొదలైంది. హంతకుడు వస్తున్నాడని ఇన్‌స్పెక్టర్‌కి తెలియదు, విధవరాలికి తెలియదు, మేం వేసిన రంగు మాత్రం చెప్పేసింది. టెన్షన్ మొత్తం అక్కడే కారిపోయింది.

ఆ మేడ సీన్ పకడ్బందీగా రాసిన సీన్. మామూలు మధ్యాహ్నం, మామూలు ఎండ, తాడు మీద తెల్ల దుప్పట్లు. కుటుంబ కథలోని సీన్ అనుకునే చూస్తాం. రెండో దుప్పటి వెనక బూట్లు కనిపించే దాకా అది వేరే సినిమా అని తెలియకూడదు. రకాలు కలపడంలో ఉన్న కిటుకే అది. ఏ సినిమాలో ఉన్నామో తెలియకుండా చేసి మనల్ని దొరకబుచ్చుకోవడం. దానికి మేమే బోర్డు పెట్టేశాం.

ఆధారాల దగ్గరికి

ఇక ఊహలు పక్కన పెట్టి, విడుదల నాడు ఇది ఎలా కనిపించిందో చెప్పే ఆధారాల కోసం వెతకడం మొదలైంది. గులాబీ ప్రింట్ దీనికి పనికిరాదు. ఆ కాలపు ఈస్ట్‌మన్ ప్రింట్లలో సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు ముందుగా వెలిసిపోతుంది, మిగిలేది ఎర్రని చారే. నెగెటివ్ కూడా కొంత వెలిసింది, రీలుకో రకంగా.

ఇటలీలో ఒక ఆర్కైవ్‌లో ఇదే సినిమా టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్ ఉందని తేలింది. రోమ్‌లో టెక్నికలర్ ల్యాబ్ ఆ పద్ధతిలో ప్రింట్లు వేసేది. మూడు రంగులనూ విడివిడిగా ఖాళీ ఫిల్మ్ మీదికి అచ్చు గుద్దేవారు. ఆ రంగులు దాదాపు వెలవవు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆలివ్ కారు ఆలివ్‌గానే ఉంటుంది. ప్రింట్ బయటికి ఇవ్వరు కాబట్టి అక్కడే చూడాలి. అక్కడి టెక్నీషియన్లు మాకు కావాల్సిన ఫ్రేముల స్కాన్‌లు తీసి ఇచ్చారు, పోయిన నాలుగు నిమిషాలూ అందులోంచే వచ్చాయి. అంతమాత్రాన ఆ ప్రింట్‌ని వేదంగా తీసుకోలేదు. డై ట్రాన్స్‌ఫర్‌లో కూడా రీలు నుంచి రీలుకి తేడా వస్తుంది. ఆ ప్రింట్ నాలుగో రీలు కాస్త పచ్చగా ఉంది, దాన్ని అలాగే కాపీ కొట్టలేదు.

దారి చూపించింది మాత్రం నెగెటివ్ డబ్బాలో మడతపెట్టి ఉన్న ఒక పసుపు కాగితం. ల్యాబ్ వాళ్ల టైమింగ్ కార్డు. ప్రతి షాట్‌కీ ప్రింటర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు ఎన్ని పాయింట్లు పెట్టారో, 1 నుంచి 50 స్కేలు మీద, పెన్సిల్‌తో రాసి ఉంది. డిజిటల్ గ్రేడింగ్‌లోకి ఆ అంకెలు నేరుగా ఎక్కవు. కానీ షాట్‌కీ షాట్‌కీ మధ్య తేడా ఎంత పెట్టారో చెబుతాయి కదా. పైనుంచి కిందికి చదివితే ఎక్కువ షాట్లలో తేడా రెండు మూడు పాయింట్లే. హత్యకీ, స్టేషన్‌కీ, వంటింటికీ ఒకే రకం ప్రింటింగ్.

అంటే అప్పటివాళ్లు రంగుల తేడాను ల్యాబ్‌లో తేలేదు, సెట్ మీద తెచ్చారు. మెట్ల దారిలో లైట్‌కి ఎర్ర జెలటిన్ కట్టారు. స్టేషన్‌లో ఉన్న ట్యూబ్‌లైట్లే వాడుకున్నారు. వీధిలో చేతిలో కెమెరా పట్టుకుని ఉన్న వెలుతురులో లాగించేశారు. మేం చేయాల్సింది వెలిసిన భాగాన్ని సరిదిద్ది, రీలుకొక తటస్థమైన బేస్ పెట్టి, పక్కకి తప్పుకోవడం. అలా చేసి చూస్తే మెట్ల దారి దానంతట అదే భగ్గుమంది, ఎందుకంటే దానికి ముందు పది నిమిషాలు మామూలు గోడలూ మామూలు ముఖాలూ ఉన్నాయి. మేడ మీద దుప్పట్లు తెల్లగా, అమాయకంగా ఉన్నాయి.

రక్తం విషయంలో ఒక చిన్న గొడవ జరిగింది. అప్పటి ఇటాలియన్ సినిమాల్లో రక్తం పెయింట్ డబ్బాలోంచి వచ్చినట్టు ఎర్రగా ఉంటుంది. "ఇప్పటివాళ్లు నవ్వుతారు, కాస్త ముదురు చేద్దాం" అన్న సూచన వచ్చింది. డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్‌లో అది పెయింట్ లాగే ఉంది. అలాగే ఉంచాం. నవ్వేవాళ్లు 1970ల్లోనూ నవ్వే ఉంటారు.

ఎండలో టార్చిలైటు

కార్డు మీద ఒక చోట మాత్రం అంకెలు ఒక్కసారిగా పైకి లేచాయి. బంగళా బయట తీసిన షాట్లవి. ప్రింటింగ్‌లో లైటు పెరిగితే ప్రింట్ చీకటి అవుతుంది. పాత వీడియోలో ఆ సీన్ చూసినవాళ్లు ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఈ ఇన్‌స్పెక్టర్ పట్టపగలు టార్చిలైటు ఎందుకు వేసుకుని తిరుగుతున్నాడు? నెగెటివ్‌లో కూడా అది పగలే. నేల మీద చెట్ల నీడలు కూడా ఉన్నాయి. మా కలరిస్ట్ కూడా, "అన్నా, ఇది పగలే కదా, టార్చి తప్పు కాదా?" అన్నాడు.

అది డే ఫర్ నైట్. పగలు తీసి ల్యాబ్‌లో రాత్రి చేయడం, మన వాళ్లు కూడా తెగ వాడిన పద్ధతే. నెగెటివ్ స్కాన్ మాత్రమే చూసి పని చేస్తే అది ఎప్పటికీ పగలే. కార్డూ, డై ట్రాన్స్‌ఫర్ ప్రింటూ రెండూ అది రాత్రి అని ఒకే మాట చెప్పాయి, ఎంత చీకటో కూడా చెప్పాయి. ఇప్పటి అలవాటు ప్రకారం పూర్తిగా నల్లగా చేయకుండా, ఆ పాత కృత్రిమమైన నీలి వెన్నెలలాగే ఉంచాం. అలా రాత్రి అయ్యాక గానీ ఆ సీన్ దెయ్యాల బంగళా కథ నుంచి తెచ్చుకున్నదని తెలియలేదు. అప్పటిదాకా మా పటంలో దాన్ని 'పోలీసు' కింద రాసుకున్నాం.

పటం పనికొచ్చిన చోటు

రకాల పటం రంగులకి పనికిరాలేదు గానీ చెత్తబుట్టలోకి పోలేదు. శుభ్రం చేసే దగ్గర అదే మమ్మల్ని కాపాడింది.

ధూళిని తీసేసే సాఫ్ట్‌వేర్ ఎలా ఆలోచిస్తుందంటే: ఒక ఫ్రేమ్‌లో ఉండి, దాని ముందు ఫ్రేమ్‌లోనూ వెనక ఫ్రేమ్‌లోనూ లేనిది మురికి. టెక్నిస్కోప్‌లో మురికి ఎక్కువ కాబట్టి సహజంగానే సెట్టింగ్ కాస్త పెంచుతారు. ఒక హత్య సీన్‌లో రేజర్ మడత విప్పగానే అంచు మీద లైటు పడి ఒక మెరుపు మెరుస్తుంది. సరిగ్గా ఒక ఫ్రేమ్, సెకనులో ఇరవై నాలుగో వంతు. సాఫ్ట్‌వేర్ దాన్ని మచ్చ అనుకుని తుడిచేసింది. శుభ్రం చేసిన వెర్షన్‌లో చెయ్యి కదులుతుంది, రేజర్ ఉంటుంది, ఎందుకో భయం వేయదు. ముందు వెర్షన్‌తో ఫ్రేమ్ ఫ్రేమూ పోల్చి చూసిన ఆపరేటర్ పట్టుకుంది. ఛేజ్‌లో తుపాకీ నోటి మంటలు, టైర్ల కింద నుంచి లేచే గులకరాళ్లు, పడవ దగ్గర వాన చినుకులు కూడా ఇలాగే తగ్గిపోయాయి.

ఇక్కడ ఏ సీన్ ఏ రకమో తెలియడం అవసరం. జాల్లో సీన్‌లలో మెరుపులు, కళ్ల తళుకులు, పగిలే అద్దాలు. పోలీసు సీన్‌లలో తుపాకీ మంటలు, రాళ్లు. ఆ చోట్ల ఆటోమేటిక్ ఆపేసి చేత్తో చేయాలని పటం మీద గుర్తులు పెట్టాం. వంటింటి గొడవల్లో ఆటోమేటిక్‌ని నమ్మొచ్చు, అక్కడ ఒక్క ఫ్రేమ్‌లో జరిగేదేమీ ఉండదు. ఖర్చు పెరిగింది. కొటేషన్‌లో లేని పని కాబట్టి హక్కుదారుతో మాట్లాడుకోవాల్సి వచ్చింది. రేజర్ షాట్ రెండు రకాలుగా చూపించాక ఆ మాటలు తొందరగానే తెమిలాయి.

సౌండ్‌లోనూ ఇదే కథ. ఆప్టికల్ ట్రాక్‌లో సహజంగానే హిస్, అంటే ఆగకుండా వచ్చే సన్నని 'స్స్' శబ్దం, ఉంటుంది. నాయిస్ తగ్గించే ఫిల్టర్ మొదటి వరస వేయగానే మాటలు హాయిగా వినిపించాయి. కానీ గదిలో హంతకుడు నిలబడి ఉన్న సీన్‌లో హిస్‌కి కొంచెం పైన, చాలా చిన్నగా, తోలు గ్లవ్ బిగిసే కిర్రుమన్న శబ్దం ఉంటుంది. అది స్టూడియోలో కూర్చుని ఎఫెక్ట్స్ కళాకారుడు చేసిన శబ్దం. ఆ సీన్‌లో మనిషి కనిపించడు, శబ్దమొక్కటే ఉంటుంది. ఫిల్టర్ దాన్ని హిస్‌తో కలిపి ఊడ్చేసింది. అక్కడ హిస్ వదిలేసి శబ్దం కాపాడాం. 5.1 చేయలేదు. మాటలు, మ్యూజిక్, ఎఫెక్ట్స్ విడివిడి ట్రాకులు పూర్తిగా లేకుండా మోనోని ఐదు స్పీకర్లలోకి చిమ్మితే అది ప్రతిధ్వనే అవుతుంది.

పెదాలు కలవకపోవడం మీద కూడా మా క్వాలిటీ చెక్‌లో బోలెడు తప్పులు పడ్డాయి. ఆ రోజుల్లో ఇటలీలో షూటింగ్ సౌండ్ చాలావరకు వాడేవారు కాదు. నటులు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవారు, తర్వాత అంతా డబ్బింగ్. ఒక రీలులో మాటలు జరిపి పెదాలకి కలపాలని చూశారు. ఇన్‌స్పెక్టర్ పెదాలు కలిశాయి, తలుపు చప్పుడు తలుపు కంటే ముందు వచ్చింది. సౌండ్ అంతా ఒకే ట్రాక్‌లో కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని జరిపితే అన్నీ జరుగుతాయి. రీలు మొదట్లోని సింక్ గుర్తుతో బొమ్మనీ సౌండ్‌నీ కలిపి, ఆ తర్వాత పెదాల సంగతి పెదాలకే వదిలేశాం. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మన చెవికి అది పెద్ద లోపంగా అనిపించదు. రిపోర్టులో మాత్రం 'అసలులోనే ఉంది' అని రాసి పెట్టాలి, లేకపోతే ప్రతి ప్లాట్‌ఫామ్ నుంచీ తిప్పి పంపుతారు.

తర్వాత మారినవి

ఇప్పుడు రెండు మూడు రకాలు కలిసిన సినిమా వస్తే మా దగ్గర పని వరస మారింది. రంగు గురించి మాట్లాడే ముందు డబ్బాల్లో కాగితాలేవైనా ఉన్నాయా అని అడుగుతున్నాం. స్కాన్ చేసేవాళ్లు ఫిల్మ్ తీసుకుని కాగితాలు పక్కన పెట్టేయడం మామూలే. రకాల పటం వేస్తున్నాం, కానీ కలరిస్ట్‌కి ఇవ్వడం లేదు, శుభ్రం చేసే టీమ్‌కీ సౌండ్ టీమ్‌కీ మాత్రమే. గ్రేడింగ్ పరీక్ష చూపించేటప్పుడు మంచి షాట్లు ఏరి చూపించడం మానేసి ఒక రీలు పూర్తిగా వేస్తున్నాం, మధ్యలో కామెడీ ఉన్న రీలు అయితే ఇంకా మంచిది. ట్రైలర్ షాట్లకి ఏ లుక్ అయినా బాగానే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు.

డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్ నుంచి తెచ్చిన నాలుగు నిమిషాలు నెగెటివ్‌తో పూర్తిగా కలవలేదు. కాంట్రాస్ట్ ఎక్కువ, నీడల్లో వివరం తక్కువ. చేపల మార్కెట్ మొదలవగానే శ్రద్ధగా చూసేవాళ్లకి తేడా తెలుస్తుంది. మిగతా సినిమాను దానికి తగ్గట్టు దించడం కంటే ఆ తేడాను ఉండనివ్వడమే మేలనుకున్నాం.

ఆ నాలుగు నిమిషాలకి ఇంగ్లిష్ డబ్బింగ్ అసలు లేదు, ఎగుమతి వెర్షన్‌లో అవి లేవు కదా. ఇంగ్లిష్ ట్రాక్ పెట్టుకున్నవాళ్లకి అక్కడ ఉన్నట్టుండి ఇటాలియన్, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి. దీని మీద ఫిర్యాదులు వస్తున్నాయని హక్కుదారు చెప్పారు. కొత్త గొంతులతో ఆ ముక్కకి డబ్బింగ్ చెప్పిద్దామా అని అడుగుతున్నారు. కానిస్టేబుల్‌కి ఒక సీన్‌లో ఒక గొంతు, ఇంకో సీన్‌లో ఇంకో గొంతు పెట్టడం నాకు ఇష్టం లేదు. వద్దనే చెప్పాను. ఇంకా తేలలేదు.